కుర్చీలోంచి లేవరాదు

మహెజబీన్‌కి కోపం రాదని గల్లీలో అందరూ చెప్పుకుంటారు. ఆన్‌లైన్ డిగ్రీ చదివే రోజుల్లో ఆమె పక్కన కాసేపు కూర్చుని ఉంటే ఆ మాట అనేవాళ్ళు కాదు. ల్యాప్‌టాప్ మూత ఆమె ఎంత గట్టిగా వేసేదో, వేశాక దాన్ని ఉర్దూలో ఏమేమి అనేదో భర్త ముస్తఫా ఒక్కడికే తెలుసు. అతను బండ్ల మెకానిక్కు. ఎంత మొండి యంత్రమైనా రెండు దెబ్బలు వేస్తే దారికొస్తుందని నమ్మే మనిషి. "ఇటియ్యి, నేను చూస్త" అని ఒకసారి చెయ్యి కూడా ఎత్తాడు. ఆమె అడ్డం పడింది కానీ, అడ్డం పడకుండా ఉంటే బాగుండేదని ఆ తర్వాత చాలాసార్లు అనుకుంది.

గోదావరిఖని చివర, ఓపెన్‌కాస్ట్ గనిలోంచి తీసిన మట్టి పోసిపోసి లేచిన గుట్ట ఒకటి ఉంది. దాని కింద గల్లీలో వీళ్ళ ఇల్లు. మహెజబీన్ తండ్రి గులాం అలీ బొగ్గు బాయిలో పనిచేసిన రోజుల్లో కట్టుకున్నది. ఆమె ఆ ఇంట్లోనే పెరిగింది, పెళ్ళయ్యాక కూడా అక్కడే ఉండిపోయింది. డిగ్రీ రెండో ఏడాదిలో ఉండగా తండ్రి మంచాన పడితే కాలేజీ మానేసి, దగ్గర్లో ఉన్న ఒక చిన్న ప్రైవేటు బడిలో ఒకటో తరగతికి టీచరుగా చేరింది. అప్పటినుంచి ఆ తరగతి ఆమెదే. ఖనిలో ఇప్పుడు మీసాలు తిప్పుతూ డ్యూటీకి పోయే కుర్రాళ్ళలో సగం మంది ఆమె దగ్గర అఆలు దిద్దుకున్నవాళ్ళే. ఎదురైతే బండి ఆపి "మేడం, నమస్తే" అంటారు.

ఆ బడిని కొత్త యాజమాన్యం తీసుకుంది. రాగానే డిగ్రీ లేనివాళ్ళు పాఠం చెప్పకూడదని తేల్చేసింది. మహెజబీన్‌ను మాత్రం ఏళ్ళ తరబడి ఉన్న మనిషని దయ తలిచి, డిగ్రీ తెచ్చుకునేదాకా గడువిచ్చింది. గడువు దాటితే ఆయాగా ఉండొచ్చట. అదే తరగతి, అవే పిల్లలు, కానీ నల్లబల్ల వేరేవాళ్ళది. ఆమె పని ముక్కులు తుడవడం, బూట్ల లేసులు కట్టడం. ముక్కులు ఆమె ఇన్నాళ్ళూ తుడుస్తూనే ఉంది, దానికి నామోషీ లేదు. తను నిలబడి అక్షరం రాసే చోట ఇంకొకరు రాస్తుంటే గుమ్మం దగ్గర స్టూలు మీద కూర్చుని చూడాలన్న ఊహే ఆమెను నిద్రపోనివ్వలేదు.

అందుకని, పని మానకుండా చదువుకోవచ్చని, హైదరాబాద్ అవతల ఉన్న ఒక యూనివర్సిటీ ఆన్‌లైన్ డిగ్రీలో చేరింది. 'కాలం మారింది, కాలేజీ మీ ఇంటికే వచ్చింది, ఇంట్లో కూర్చునే డిగ్రీ' అని వాళ్ళ ప్రకటన. ఇల్లు, డిగ్రీ అన్న మాటలు చూసి ఆమె మురిసిపోయింది. మధ్యలో ఉన్న కూర్చోవడం దగ్గరే అసలు తిరకాసంతా ఉందని అప్పుడు ఎవరికి తెలుసు?

చేరిన రోజు నుంచీ ఆ చదువు ఆమెతో చదువు తప్ప అన్నీ చేయించింది. హాజరు ముఖం చూసి వేసుకునే యాప్ ఒకటి. చేరినప్పుడు కళ్ళద్దాలు లేవు, రెండో ఏడాదికి వచ్చాయి. అద్దాలు పెట్టుకుంటే 'ముఖం సరిపోలలేదు' అంటుంది. తీస్తే అది ఏమంటోందో ఈమెకు కనబడదు. అద్దాలు తీసి ముఖం చూపించి, మళ్ళీ పెట్టుకుని పాఠం వినబోతే, "మీరు వేరే వ్యక్తిగా కనిపిస్తున్నారు" అని పాఠం ఆగిపోయేది. ఆమె ఆ పాఠాలు మధ్యాహ్నం అన్నం మానేసి బడి స్టాఫ్‌రూంలో వినేది. తోటి టీచర్లు నవ్వేవాళ్ళు. ఆమెకు నవ్వొచ్చేది కాదు.

ఏడుస్తూనో తిడుతూనో ఆఖరి సెమిస్టర్ ఆఖరి పేపరు దాకా వచ్చింది. ఆ పేపరు పేరు 'విపత్తుల నిర్వహణ'.

అంతవరకూ పరీక్షలన్నీ పొద్దున పూట పడ్డాయి. ఇది మాత్రం మధ్యాహ్నం పడింది. నిబంధనలు పాతవే: గదిలో రెండో మనిషి ఉండకూడదు, పక్కకు చూడకూడదు, పరీక్ష అయ్యేదాకా కుర్చీలోంచి లేవరాదు. కెమెరా చూస్తూ ఉంటుంది. మహెజబీన్ బడికి సెలవు పెట్టి, గది తుడిచి, దువా చదువుకుని కూర్చుంది. పరీక్ష సులువుగానే ఉంది. సగం దాకా హాయిగా రాసింది. అప్పుడు గని సైరన్ మోగింది.

ఆ గల్లీ గురించి ఇక్కడ ఒక ముక్క చెప్పాలి. గనిలో మధ్యాహ్నం పూట బ్లాస్టింగ్ చేస్తారు. దానికి ముందు సైరన్ వేస్తారు. ఒక వానాకాలం, సమ్మవ్వ అనే ముసలామె ఇంటి వెనక గోడ, అప్పటికే వానకు నాని ఉండి, బ్లాస్టింగ్ అదురుకు కూలింది. ఎవరికీ ఏమీ కాలేదు. కానీ అప్పటినుంచి సైరన్ వినబడితే చాలు, గల్లీ అంతా పొయ్యిలు ఆర్పి బయటికొచ్చి నిలబడుతుంది. ఎవరూ పెట్టిన రూలు కాదు, అలవాటైపోయింది. అన్నం తింటున్నవాళ్ళు పళ్ళెంతో వస్తారు. నైట్ షిఫ్ట్ చేసి పడుకున్నవాళ్ళు దుప్పటితో వస్తారు. పేలుడు అయ్యేదాకా ముచ్చట్లు పెట్టుకుంటారు. సంబంధాలు, తగాదాలు, చిట్టీల పాటలు అన్నీ ఆ కాసేపట్లోనే తేలతాయి. ధన్ మంటుంది, రేకులు గలగలలాడతాయి, "అయిపాయె, పదున్రి" అనుకుని లోపలికి పోతారు.

సమ్మవ్వది మహెజబీన్ ఇంటి పక్కిల్లే, ఇద్దరికీ పెరడు ఒకటే. ముసలామెకు చెముడు, సైరన్ వినబడదు. కాబట్టి ఆమెను చెయ్యి పట్టి బయటికి తెచ్చే పని ముందు మహెజబీన్ తల్లి ఖాతూన్‌ది, ఆమె పోయాక మహెజబీన్‌ది. బడి ఉన్న రోజుల్లో ముస్తఫా షాపు నుంచి అన్నానికి వచ్చి తెస్తాడు. సెలవు రోజున మహెజబీన్ తెస్తుంది.

ఇప్పుడు చెప్పండి, సైరన్ మోగితే ఆమె ఏం చేస్తుంది? ఆలోచించిందా? లేదు. లేచింది, గ్యాస్ కట్టేసి ఉందా అని చూసింది, పెరట్లోంచి పోయి సమ్మవ్వను లేపింది, గల్లీలోకి తెచ్చింది. సదయ్య కాక, బాయి పనిలోంచి రిటైరైన మనిషి, "ఇయ్యాల బడికి పోలేదా బిడ్డా?" అని అడిగాడు.

"పరీక్ష ఉంది కాకా" అంది.

"ఎప్పుడు?"

"ఇప్పుడే" అంది. అంటుండగానే కుర్చీ గుర్తొచ్చింది.

పేలుడు కోసం కూడా ఆగకుండా లోపలికి ఉరికింది. తెర ఎర్రగా ఉంది. 'అభ్యర్థి స్థానం విడిచి వెళ్ళారు. దుష్ప్రవర్తన కింద పరీక్ష రద్దు చేయబడింది.' అప్పుడు ధన్ మంది. రేకులతో పాటు ఆమె కూడా వణికింది.

ఏదైనా కష్టం వస్తే చెప్పుకోవడానికి ఆ యూనివర్సిటీ వాళ్ళు యాప్‌లో జవాబులిచ్చే ఒక మరను పెట్టారు. దాని పేరు చెలి. ఎవరికి పుట్టిందో ఆ బుద్ధి! మహెజబీన్ టైప్ చేసింది. "పరీక్షలో సైరన్ మోగింది. బయటికి పోయి వచ్చిన. పరీక్ష రద్దయింది."

"నమస్తే! నేను మీ చెలిని. మీరు అత్యవసర పరిస్థితిలో ఉన్నారని అర్థమైంది. దయచేసి అంబులెన్స్‌కి ఫోన్ చేయండి."

"అంబులెన్స్ సైరన్ కాదు. బ్లాస్టింగ్ సైరన్. మా దగ్గర రోజూ మోగుతది."

"మీకు రోజూ అత్యవసర పరిస్థితి కలుగుతున్నట్లయితే వైద్యుణ్ణి సంప్రదించి మెడికల్ సర్టిఫికెట్ జత చేయండి. మీ సమస్య పరిష్కారమైందా?"

లేదని నొక్కితే మళ్ళీ నమస్తే దగ్గర మొదలుపెట్టింది. సాయంత్రం ముస్తఫా వచ్చి అదంతా చదివాడు. "దవాఖానకు పోయి ఏమని రాపిద్దాం? బొగ్గు గని పక్కన పుట్టిందనా?" అన్నాడు. ఆమె చేతిలో ఉన్న గరిటె అతని మీదికి విసిరేదే, కానీ తప్పు అతనిది కాదు కదా.

ఎన్ని ఫిర్యాదులు పెడితేనో చివరికి ఒక మనిషి ఫోన్ చేసింది. చిన్న పిల్ల గొంతు, ఎవరో తరుముతున్నట్టు మాట్లాడుతోంది.

"మేడం, సైరన్ మోగితే మీరెందుకు లేచారు?"

వాన పడితే గొడుగెందుకు తెరిచారని అడిగినట్టుంది. "అందరు లేస్తరమ్మా" అంది.

"అందరూ అంటే, గదిలో ఇంకెవరైనా ఉన్నారా మేడం?"

"అయ్యో, లేరు తల్లీ!"

మొత్తానికి ఆ పిల్ల ఇంకొక్క అవకాశం ఇప్పించింది. అదీ మధ్యాహ్నమే. పొద్దున పూట పెట్టమంటే సమయం సిస్టమ్ ఇస్తుందంది. గోలేటిలో చెల్లె ఇంటికి పోయి రాస్తానంటే, రిజిస్టర్ చేసిన గది మారదంది. కరీంనగర్‌లోనో ఇంకెక్కడో సెంటరుంటే బస్సెక్కి వస్తానని బతిమాలితే, "సెంటర్లన్నీ ఎత్తేశాం మేడం, ఇప్పుడంతా డిజిటల్" అంది, ఏదో శుభవార్త చెప్పినట్టు.

మర్నాడు సైరన్ వేళకు ఈ సంగతి గల్లీ ముందుకొచ్చింది. అందరికీ ఒళ్ళు మండింది. "మనం బయటికొచ్చుడు తప్పెట్లయితది? వాల్లను గీడ ఒక్కరోజు కూసోమను" అని సారలమ్మ లేచింది. ఆమె వరండాలో గాజులు అమ్ముతుంది, గొంతు గల్లీ చివరిదాకా పోతుంది. తిట్లు అయ్యాక ఉపాయం దగ్గరికొచ్చారు. ఆ రోజు సమ్మవ్వను తెచ్చే పూచీ సదయ్యది. ముందు గుమ్మంలో ముస్తఫా కాపలా, పురుగును కూడా పోనివ్వడు. మహెజబీన్ చెయ్యాల్సిందల్లా కుర్చీని వదలకపోవడం.

"కావాల్నంటె సైకిల్ ట్యూబుతోటి కట్టేస్త" అన్నాడు ముస్తఫా.

"నక్కో జీ" అంది కానీ, కట్టేస్తేనే మేలేమోనని లోపల అనుమానం ఉంది.

పరీక్ష రోజు వచ్చింది. గాలి కోసం పెరటి తలుపు తీసి పెట్టుకుంది. ముస్తఫా ముందు గుమ్మంలో స్టూలేసుకుని కూర్చున్నాడు. ప్రశ్నలు ఒకదాని తర్వాత ఒకటి వస్తున్నాయి. సైరన్ మోగేసరికి తెర మీద ఉన్న ప్రశ్న ఇది: 'ప్రమాద హెచ్చరిక వినిపించినప్పుడు మొదట చేయవలసినది ఏది?' కింద నాలుగు జవాబులు. ఆమె చూసి పళ్ళు నూరింది. 'వృద్ధులను, పిల్లలను వెంటబెట్టుకుని ఆరుబయటకు చేరడం' అన్నదాని మీద టిక్కు పెట్టి, రెండు చేతులతో కుర్చీని గట్టిగా పట్టుకుని కూర్చుంది. కాళ్ళు వాటంతట అవే లేవబోతున్నాయి. బయట అందరి గొంతులూ వినబడుతున్నాయి. పుట్టి బుద్ధెరిగాక సైరన్ మోగినప్పుడు ఆమె ఒక్కతే లోపల ఉండడం అదే మొదలు. భయం వేసింది. గోడలు చూసింది, పక్కకు చూడకూడదని గుర్తొచ్చి మళ్ళీ తెర చూసింది.

సదయ్య మాట తప్పలేదు. సమ్మవ్వను జాగ్రత్తగా తెచ్చి కరెంటు స్తంభం పక్కన నిలబెట్టాడు. ముసలామె అటు చూసింది, ఇటు చూసింది. అందరూ ఉన్నారు. మహెజబీన్ లేదు. "పిల్ల ఏది?" అంది. సదయ్య ఏదో సైగ చేశాడు. పరీక్ష రాస్తోందని చేతులతో ఎలా చెప్తారు? రాస్తున్నట్టు గాలిలో వేలు తిప్పాడు. ఆమెకు ఏమర్థమైందో, అతని చెయ్యి విదిలించుకుని సందులోంచి పెరట్లోకి పడింది. ముస్తఫా ముందు గుమ్మాన్ని సింహంలా కాస్తూనే ఉన్నాడు.

మహెజబీన్ మణికట్టు మీద ఒక ఎండిన చెయ్యి పడింది.

"ఏందే పిల్లా, అందరు బయటున్నరు, నువ్వు గిట్ల కూసున్నవ్? లే బిడ్డా, జల్ది!"

మహెజబీన్ కళ్ళతో బతిమాలింది, తల అడ్డంగా ఊపింది. "అవ్వా, పరీక్ష! పో అవ్వా, పో!" అని అరిచింది. చెవిటి మనిషికి అరుపు ఏం వినబడుతుంది? తెర మీద హెచ్చరికలు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి: 'రెండో వ్యక్తి గుర్తించబడ్డారు.' సమ్మవ్వ ఆ ఎర్ర అక్షరాలను కనీసం చూడలేదు. నేల మీద చతికిలబడి, మహెజబీన్ కాళ్ళు పట్టుకుని లాగడం మొదలుపెట్టింది. "నువ్వు రాకుంటె నేను గీన్నే కూసుంట. నీ అవ్వ ఉన్నప్పటిసంది నన్ను గుంజుకపోయినవాల్లు మీరే. ఇయ్యాల నిన్నిడిసి నేనెట్ల నిలబడుత?"

ఇంక చేసేదేముంది? పేలుడు వేళ అయింది. ముసలామె కదిలేలా లేదు. మహెజబీన్ ల్యాప్‌టాప్ వంక ఒకసారి చూసి, కుర్చీలోంచి లేచి, సమ్మవ్వను లేపి బయటికి తెచ్చింది. ధన్ మంది. గోడ పడలేదు. సున్నం కూడా రాలలేదు. గోడ పడి ఉంటే కనీసం ఒక సాకు ఉండేది.

ఆమె సహనమంతా ఆ క్షణాన తెగిపోయింది. నడి గల్లీలో నిలబడి సమ్మవ్వను నోటికొచ్చినట్టు తిట్టింది. నా కొలువు పోతది, నా తరగతి పోతది, నా మూడేండ్ల చదువు నీ మూలాన బుగ్గిపాలయ్యిందని ఏడుస్తూ అరిచింది. సమ్మవ్వ ఆ ఏడుపు చూసి, పిల్ల భయపడిందనుకుని, కొంగుతో ఆమె ముఖం తుడిచింది. "ఏం కాలే బిడ్డా, అయిపాయె. బయటికొచ్చినవ్ గదా" అంది. దాంతో మహెజబీన్‌కు ఏడుపు రెట్టింపైంది, తిట్టినందుకు సిగ్గు కూడా కలిసింది.

రెండుసార్లు దుష్ప్రవర్తన కాబట్టి ఈసారి విచారణ అన్నారు. వీడియో కాల్‌లో పరీక్షల అధికారి మాట్లాడతాడు. తప్పని తేలితే పట్టా సంగతి మరిచిపోవాల్సిందే. ఆ విచారణ ఏ వేళకు పెట్టారో వేరే చెప్పాలా? వేళ మార్చమని చెలిని అడిగితే నమస్తే అంది.

ఆ మధ్యాహ్నం మహెజబీన్ అదే గదిలో, అదే కుర్చీలో, ఫోన్ ఎదురుగా పెట్టుకుని కూర్చుంది. తెర మీద నడివయసు అధికారి, వెనక తెల్లగోడ, పైన ఫ్యాన్. మర్యాదస్తుడే, కాకపోతే ఇలాంటి విచారణలు పొద్దుటినుంచి చేసి అలసిపోయినట్టున్నాడు.

"మీ గొంతు సరిగ్గా వినిపించడం లేదమ్మా. ఆగండి" అని చెవులకు హెడ్‌ఫోన్ తగిలించుకుని, సౌండ్ పెంచుకున్నాడు. "ఇప్పుడు చెప్పండి. రెండుసార్లూ పరీక్ష మధ్యలో ఎందుకు లేచారు?"

మహెజబీన్ చెప్పింది. సైరన్, గోడ, సమ్మవ్వ, అన్నీ చెప్పింది. ఆయన ఓపిగ్గా విన్నాడు.

"చూడమ్మా, శబ్దం వస్తుందని చెప్తున్నారు. శబ్దానికి లేవాల్సిన అవసరం ఏముంది? చదువుకున్నవాళ్ళు, టీచరు కూడాను. కాసేపు మనసు నిబ్బరం చేసుకుని కూర్చోవాలి. పరీక్ష అంటే అదే కదా!"

ఆమె ఏదో అనబోయింది. సైరన్ మోగింది.

మహెజబీన్ ఒక్క క్షణం కుర్చీ పట్టుకుంది. తర్వాత ఆమెకు నిజంగా విసుగొచ్చింది. ఆ కుర్చీ మీద, ఆ తెర మీద, చెలి మీద, తన భయం మీద. పోతే పోనీ అనుకుంది. ఫోన్ చేతిలోకి తీసుకుని లేచింది.

"ఎక్కడికి వెళ్తున్నారు? కూర్చోండి. విచారణ మధ్యలో లేవకూడదు."

"సార్, మీరు గూడ నాతోటి రాండ్రి" అంది.

పెరట్లోంచి పోయి సమ్మవ్వ చెయ్యి పట్టుకుంది. గల్లీలోకొచ్చి ఫోన్‌ను అందరి వైపు తిప్పింది. సారలమ్మ, సదయ్య, పళ్ళెంలో సగం అన్నంతో ఒకామె, దుప్పటి కప్పుకుని ఒకాయన, షాపు గ్రీజు చేతులతో ముస్తఫా. "ఎవరు వీళ్ళంతా? ఏం జరుగుతోంది అక్కడ?" అని అధికారి తెర దగ్గరికి వంగి చూస్తున్నాడు.

అప్పుడు ధన్ మంది. సమ్మవ్వ గోడ కూలిన ఆ వానాకాలం తర్వాత అంత గట్టిగా మోగింది అదే. రేకులు అదిరాయి, కుక్కలు మొరిగాయి, గుట్ట మీంచి కాకులు లేచాయి.

మహెజబీన్ ఫోన్ తనవైపు తిప్పుకుని చూసింది. తెర మీద తెల్లగోడ ఉంది, ఫ్యాన్ ఉంది. కుర్చీ ఖాళీగా ఉంది. హెడ్‌ఫోన్ వైరు ఊగుతోంది.

"సార్" అంది. "సార్, మీరు కుర్చీల లేరు."

కాసేపటికి ఆయన తలుపు వైపునుంచి వచ్చి కూర్చున్నాడు. చెమట తుడుచుకున్నాడు. "ఎవరికైనా ఏమైనా అయిందా?" అని అడిగాడు. గొంతు మారిపోయింది.

"ఏం కాలే సార్. రోజు గిట్లనే."

"రోజూనా?"

"ఆదివారం ఉండది సార్. ఆదివారం ప్లే డే, గనికి సెలవు."

ఆయన ఏదో రాసుకున్నాడు. "అయితే ఆదివారం రాయండి" అన్నాడు. తల ఎత్తలేదు.

ఆమె ఆదివారం రాసింది, పాసైంది, బడి తెరిచిన రోజున తన నల్లబల్ల దగ్గర తనే నిలబడింది. కానీ గల్లీలో ఇప్పటికీ చెప్పుకునేది అది కాదు. అధికారి ఆదివారం రాయమన్నప్పుడు సమ్మవ్వ మహెజబీన్ భుజం మీంచి ఫోన్‌లోకి తొంగి చూసింది. నాలుగు గోడల మధ్య ఒక్కడే కూర్చున్న ఆ మనిషిని చూసి ఆమెకు ప్రాణం ఊరుకోలేదు.

"ఎవలే పిల్లా ఆయన? పాపం, ఒక్కడే లోపల్నే ఉన్నడు. ఎవలు జెప్పలేదేమో, బయటికి రమ్మనరాదూ!"